అన్న పేరు మీద

బారువ,
జూన్ 20, 2023

రత్నానికి, నీ అక్క రాస్తున్నది.

మొన్న నువ్వు ఫోన్ చేశావని మీ బావ నా చెవికి ఆనించారు. గుయ్యిమన్న చప్పుడు తప్ప నాకేమీ వినబడలేదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది కూడా ఇప్పుడు దాని దారే పట్టింది. అందుకే కాగితం పట్టాను. నువ్వూ రాయి. టాటాలో తెలుగు బడిలో చదివినదానివి, నీ రాత ముత్యాల్లా ఉంటుంది. నాది కోడి గీరినట్టుందని నవ్వకు.

పైడి పెద్ద దినం భోజనాలయ్యాక మేం బయలుదేరితే నువ్వు గుమ్మం దాకా రాలేదు. కోపం కాదని తెలుసు, లేవలేకపోయావు. రైలెక్కినా నా కళ్ళకు నీ ముఖమే కనిపించింది.

ఇంతకీ నేను రాయడానికి కారణం వేరే ఉంది. నిన్న మీ బావ ఫోనులో ఎవరో ఒక ఫొటో పంపారు. మిల్లు గేటు, ధర్నా టెంటు, ఒక పెద్ద ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో మన పైడిబాబు ఫొటోకి బంతిపూల దండ. కింద హిందీలో ఏదో రాసి ఉంది. ఆయన చదివి వినిపించారు, 'కామ్రేడ్ వరహాలు అమర్ రహే' అట. చదివి నవ్వారు. "సూడే, నాను బతికుండగానే నాకు దండేసీసినారు!" అని నా చెవి దగ్గరకొచ్చి అరిచారు. ఆ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపటిదాకా ఆగలేదు. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

యూనియన్ వాళ్ళను అనడానికేముంది? ఆయన ఊపిరితిత్తులు పాడై మేం ఇక్కడికి వచ్చేసినప్పుడు, మిల్లు కార్డు తమ్ముడి చేతిలో పెట్టి వచ్చింది మేమే. అప్పటికి మిల్లులో కొత్తవాళ్ళను తీసుకోవడం మానేశారు. అన్న పేరు మీద తమ్ముడు, బావ పేరు మీద బావమరిది, మన తెలుగువాళ్ళు చాలామంది అలాగే గేటు లోపలికి వెళ్ళారు. మున్షీకి తెలుసు, ఫోర్‌మన్‌కి తెలుసు. కార్డు మీద ఫొటో ఒక్కటి మారింది. అప్పటికి నీకింకా బిందు పుట్టలేదు. అప్పటినుంచి పైడి మిల్లులో వరహాలు, ఇంట్లో పైడిబాబు. చివరికి జీతాలు ఎగ్గొట్టి మిల్లు మూసేస్తే, మే నెల ఎండలో ఆ గేటు ముందు కూర్చుని ప్రాణం వదిలేశాడు పిచ్చి మారాజు.

బిందుప్రియను నా దగ్గరకు పంపకూడదూ? ఇక్కడ సోంపేటలో ఇంటర్ చదువుకుంటుంది. కడుపున కాయ కాయనిదాన్ని. దానికి మూడేళ్ళప్పుడు అడిగాను, పదేళ్ళప్పుడు అడిగాను, మళ్ళీ అడుగుతున్నాను. నువ్వూ వచ్చేయి, కలోగంజో కలిసి తాగుదాం.

నీ అక్క
శ్రీదేవి

బర్మామైన్స్, టాటానగర్,
ఆగస్టు 11, 2023

అక్కా,

నీ ఉత్తరం పోస్ట్‌మన్ పక్క సందులో ఇచ్చి పోతే, తిరిగి తిరిగి నా చేతికొచ్చింది. మూడుసార్లు చదివాను. బిందు సంగతి తర్వాత రాస్తాను. ముందు ఒక చిక్కు వచ్చి పడింది.

ఫ్లెక్సీ చూసి నీకు అన్నం సహించలేదన్నావు. ఫ్లెక్సీ అయితే గాలికి చిరిగిపోతుంది. ఆ రోజు మీ మరిది పడిపోతే యూనియన్ గౌరీశంకర్ వాళ్ళు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పేరు రాయించమంటే చొక్కా జేబులోంచి మిల్లు కార్డు తీసి ఇచ్చారు. గౌరీశంకర్‌ని తప్పు పట్టలేను, అతనికి మీ మరిది వరహాలుగానే తెలుసు. దానివల్ల పోయింది వరహాలని సర్కారు కాగితం పుట్టింది. నా మనిషి పోయినట్టు ఎక్కడా లేదు. నా ఓటరు కార్డులో ఆయన ఇంకా నా భర్తే, రేషన్ కార్డులో ఆయన వంతు బియ్యం ఇంకా వస్తున్నాయి.

ధర్నాలో మనిషి పోయాక లేబర్ ఆఫీసు కాస్త కదిలింది. అంతకుముందు ఎప్పుడెళ్ళినా "సాహబ్ మీటింగ్ మే హైఁ" అనేవారు. ఒక సాహెబు కాగితాలు చదవడం పూర్తిచేసేసరికి బదిలీ అయిపోయేవాడు, కొత్తాయన మొదటి పేజీ నుంచి మొదలెట్టేవాడు. ఇప్పుడు మంత్రిగారెవరో సభలో మాటిచ్చారట, మిల్లు స్థలం అమ్మించి కార్మికుల బకాయిలు ఇప్పిస్తామని. దసరా వెళ్ళాక క్యాంపు పెడతారు. పోయినవాళ్ళ డబ్బు భార్యలకిస్తారు. మిల్లు రికార్డులో వరహాలు భార్య శ్రీదేవి.

నేనే శ్రీదేవినని చెప్పేద్దామా అనుకున్నాను, నీ దగ్గర దాచడమెందుకు? కానీ ఆధార్ మిషన్ మీద వేలు పెట్టించుకుంటారు. వేలు నీదే కావాలి.

అసలు నిజం చెప్పేస్తే పోలేదా అంటావు. యూనియన్ లాయరు దగ్గరికి వెళ్ళి అదే అడిగాను. ఆయన కుర్చీలోంచి లేచి తలుపు వేసి వచ్చాడు. ఒకరు పేరు మార్చుకుని పనిచేశారని తెలిస్తే యజమాని వకీలు అందరి పేర్లూ తవ్విస్తాడట. అన్న పేరు మీదా బావ పేరు మీదా పనిచేసినవాళ్ళంతా మునుగుతారు. వాళ్ళ భార్యలు నా ఇంటికొచ్చి కూర్చున్నారు. టీ తాగి వెళ్ళిపోయారు.

ఇంటద్దెకి గాజులు పోయాయి. బిందు ఫీజుకి ఇంకేం పోవాలో తెలియదు. నువ్వు ఒక్కసారి రావాలి అక్కా. వరహాలు భార్యగా రావాలి. ఎలా రావాలో నేను రాయను, నీకు తెలుసు.

రత్నం

బారువ,
ఆగస్టు 29, 2023

రత్నం,

తెలుసు. బొట్టు చెరుపుకుని, పుస్తెలు తీసి రమ్మంటున్నావు.

మీ బావ అరుగు మీద కూర్చుని నా ఎదురుగానే ఆయాసపడుతున్నారు. ఈ వాన తగ్గేలోపు ఏమవుతుందోనని బతుకుతున్నాను. రాత్రి ఊపిరి ఆడుతోందా లేదా అని వినడానికి నాకు చెవుల్లేవు, గుండె మీద చెయ్యి వేసి పడుకుంటున్నాను. ఆ చెయ్యి తీసి బొట్టు చెరుపుకోమంటావా?

డబ్బు కావాలంటే నా కమ్మలు అమ్మి పంపుతాను. ఇది మాత్రం నన్ను అడగకు.

శ్రీదేవి

బర్మామైన్స్,
సెప్టెంబర్ 14, 2023

అక్కా,

కమ్మలు నీ దగ్గరే ఉంచుకో.

నిన్ను ఒక్క పూట తీయమన్నాను. నువ్వు తీసింది మళ్ళీ పెట్టుకోవచ్చు. నా సంగతి విను. క్యాంపుకి నీకు తోడు రావలసింది నేను. నీకు వినబడదు, హిందీ రాదు. వరహాలు తమ్ముడి భార్యగా నేను రావాలి. తమ్ముడు బతికే ఉన్నాడు కదా కాగితాల్లో! అందుకని నేను బొట్టు పెట్టుకుని, చేతినిండా గాజులు వేసుకుని రావాలట. "భాభీ, బిందీ లగాకర్ ఆనా" అని గౌరీశంకర్ తలొంచుకుని చెప్పాడు. ఇప్పుడు అతనికి అంతా తెలుసు. ఆ మాట చెబుతూ అతను ఏడ్చాడు. నేను ఏడవలేదు.

నీకు ఒక్క పూట ఉన్నది పోతుంది. నాకు ఒక్క పూట పోయింది వస్తుంది. ఏది కష్టమో నువ్వే చెప్పు.

ఇక అడగను.

రత్నం

బారువ,
అక్టోబర్ 26, 2023

రత్నం,

ఎప్పుడు రావాలో రాయి. చెవుల డాక్టరుకి చూపించుకోవడానికి టాటా వెళుతున్నానని మీ బావకు చెప్పాను. ఆయన పనులు చూడడానికి పక్కింటి ఆదిబాబు భార్యను ఒప్పించాను.

నీ ఉత్తరం వచ్చాక ఆయన అన్నం తింటుంటే నేను చారు కంచం బయట పోశాను. "ఏటే, ఏటైంది నీకు?" అన్నారు. ఏమీ లేదన్నాను.

రైల్లో ఖరగ్‌పూర్ దాటేదాకా ఉంచుకుంటాను. తర్వాత తీస్తాను. స్టేషనుకి నువ్వు రాకు, బిందును పంపు.

శ్రీదేవి

బర్మామైన్స్,
డిసెంబర్ 3, 2023

అక్కా,

క్షేమంగా చేరావని బావ ఫోనులో చెప్పారు. నువ్వున్న రెండు రోజులూ నీతో సరిగ్గా మాట్లాడలేదని బాధపడి వెళ్ళావని బిందు చెప్పింది. నిజమే. గట్టిగా అరిస్తేగానీ నీకు వినబడదు. నేను చెప్పవలసింది సందంతా వినేలా అరిచే మాట కాదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

షామియానా కింద సాహెబులు, ఎండలో మనం. మంత్రిగారి బొమ్మ ఉన్న బ్యానరు నీడ పడుతుంటే ఆ నీడలోకి జరిగి కూర్చున్నాం, గుర్తుందా? నీ నుదురు చూసి నా గాజులు కొంగు కింద దాచుకున్నాను. నా నుదుటి బొట్టు చూసి నువ్వు ముఖం తిప్పుకున్నావు.

పిలిచారు. ఆ సాహెబు మంచివాడే అక్కా. నీకు కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. నీకు వినబడదని చెప్పాను. అయితే నువ్వే అడిగి చెప్పమన్నాడు నన్ను. "పతి కైసే గుజరే?" అన్నాడు. నేను నీ చెవి దగ్గరికి వంగి, "నీ మొగుడు ఎలా పోయాడో చెప్పమంటన్నారు!" అని అరిచాను. మొదటిసారి నీకు వినబడలేదు. రెండోసారి అరిచాను. లైన్లో ఉన్నవాళ్ళంతా మనవైపు తిరిగారు.

నువ్వు చెప్పావు. నేను నేర్పినంతే చెబుతావనుకున్నాను. "పొద్దున్న చద్దన్నం తినేసి ఎల్లినాడు బాబూ, తల మీద తడి తువ్వాలేసుకుని గేటుకాడ కూసున్నాడు. పదకొండయ్యేతలికి ఆ తువ్వాలు ఎండిపోనాది. నీల్లు పోసుకురండర్రా అన్నాడట. నీల్లొచ్చీతలికి ఒరిగిపోనాడు" అని ఏడ్చావు. నిజంగానే ఏడ్చావు. ఆ మాటలన్నీ నేను హిందీలో చెప్పాలి. చెప్పాను. మేరే జేఠ్ అని చెప్పాను, నా మొగుణ్ణి మా బావగారని చెప్పాను. నా కంట్లో చుక్క రాకూడదు. బావగారు పోతే మరదలు అంతలా ఏడిస్తే ఏమనుకుంటారు? సాహెబు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేనొక్కదాన్నే రాయిలా నిలబడ్డాను.

అంతవరకు భరించాను. తర్వాత ఆయన "బచ్చే?" అన్నాడు. "పిల్లలున్నారా అని అడుగుతన్నారు" అని నీకు చెప్పాను. లేరని చెప్పమని ముందే అనుకున్నాం కదా! నువ్వు లేచి నిలబడి, వెనక నీళ్ళ సీసా పట్టుకుని నిలుచున్న బిందు చెయ్యి లాగి, "ఒక్కతే కూతురు బాబూ, బిందుప్రియ" అన్నావు.

ఆ మాట కూడా నేనే మార్చి చెప్పాలి. ఏక్ బేటీ హై, అన్నాను. నా నోటితోనే అన్నాను. సాహెబు బిందు వైపు చూసి, నిన్ను చూపిస్తూ "యే తుమ్హారీ మా హై?" అన్నాడు. అది నా ముఖం చూసింది. నేను తల దించుకున్నాను. "జీ" అంది. దాన్ని బడిలో వేసినప్పుడు మిల్లు కార్డే చూపించాం కాబట్టి దాని ఐడీ కార్డు మీద తండ్రి పేరు సరిపోయింది. కూతురు వంతు విడిగా బ్యాంకులో వేస్తారట, పద్దెనిమిది నిండేదాకా తల్లి సంతకం మీద ఉంటుందట. తల్లి అంటే నువ్వు.

మూడుసార్లు అడిగావు, నేను ఇవ్వలేదు. నాలుగోసారి సర్కారును సాక్షిగా పెట్టుకుని తీసుకున్నావు. మొగుడు ఎలాగూ నీ పేరు మీదే పోయాడు. కూతుర్నైనా ఉండనివ్వవలసింది.

రత్నం

బారువ,
డిసెంబర్ 22, 2023

రత్నం,

నువ్వు తిట్టినా పడతాను. అబద్ధం రాయను.

కూతురుంటే ఇంకో వంతు వస్తుందని లైన్లో నిలుచున్నప్పుడు గౌరీశంకర్ బిందును చూపించి చేతులతో సైగ చేసి చెప్పాడు. నీకు చెబుదామనుకునేలోపే పిలిచారు. అది ఒక కారణం. నీకు నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయనే అన్నాను. కానీ అంతే అయితే ఆ మాట అంటున్నప్పుడు నా గుండె అలా పొంగేది కాదు. ఎన్నో ఏళ్ళుగా నా నోట్లో నానుతున్న మాట అది. ఎవరైనా అడిగితే చెబుదామని కాచుకుని ఉన్నట్టు వచ్చేసింది. దాని చెయ్యి చల్లగా ఉంది. రైల్లో కూర్చున్నాక కూడా ఆ చల్లదనం నా చేతికి ఉంది. నేను దొంగనే రత్నం. ఆ బ్యాంకు కాగితాలన్నింటి మీదా వేలు వేసి నీకే పంపిస్తాను. నీ బిడ్డ నీ బిడ్డే.

ఇప్పుడు ఇక్కడ జరిగింది రాస్తాను. సోంపేటలో దిగే ముందు బొట్టు పెట్టుకున్నాను, పుస్తెలు వేసుకున్నాను. ఇంటికొచ్చి గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే మీ బావ నా కాళ్ళ వైపే చూస్తున్నారు. మెట్టెలు పెట్టుకోవడం మరిచిపోయాను. సంచిలోనే ఉండిపోయాయి.

ఆయన ఆ రాత్రి తినలేదు. తెల్లారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కుడి చెవి దగ్గరగా వచ్చి అడిగారు, "ఎలా పోనానే నాను?"

మళ్ళీ అడిగారు. అప్పుడు చెప్పాను. చద్దన్నం, తడి తువ్వాలు, ఎండ, నీళ్ళు వచ్చేలోపు ఒరిగిపోవడం, అక్కడ చెప్పినట్టే చెప్పాను. ఆయన ఒక్కో మాటకీ తలూపారు. తమ్ముడు పోయినప్పుడు అక్కడికొచ్చి కర్మలన్నీ చేయించారుగానీ ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు, నీకూ గుర్తుండే ఉంటుంది. ఆ పొద్దున్న ఏడ్చారు. "నాను సావాల్సిన సోట ఆడు సచ్చిపోనాడే. ఆ పొగ, ఆ ఏడి నా వంతు. నా వంతంతా ఆడే మింగీసినాడు" అని ఏడ్చారు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. మెట్టెలు తానే వెతికి తెచ్చి నా చేతిలో పెట్టారు.

నిన్న మొదటి విడత డబ్బు నా ఖాతాలో పడింది. అంతా నీకు వేయించాను. రెండో విడత స్థలం అమ్ముడుపోయాకట. అక్కడ పోయిన మనిషికి ఇక్కడ పింఛను వస్తూనే ఉంది. ఆ ప్రభుత్వానికీ ఈ ప్రభుత్వానికీ మాటల్లేవు కాబట్టి బతికిపోతున్నాం.

మే నెలలో పైడి ఏడాది. ఇక్కడే సముద్రం ఒడ్డున చేయిద్దామంటున్నారు. వస్తావా? రానంటే నేను అర్థం చేసుకుంటాను.

శ్రీదేవి

బర్మామైన్స్,
జనవరి 30, 2024

అక్కా,

డబ్బు అందింది. అద్దె బాకీ తీర్చాను, బిందు ఫీజు కట్టాను. ఆ ఫీజు రసీదులో తండ్రి పేరు చూసి అది మడిచి పెట్టుకుంది. ఇవాళ అది నీకు రాయమంది. "పెద్దమ్మా కో బోల్‌నా, మైఁ ఆఊఁగీ" అంది. వేసవి సెలవుల్లో నీ దగ్గర ఉంటుందట. ఉండనీ. నాకు కోపం ఇంకా పూర్తిగా పోలేదు, కానీ నువ్వు అబద్ధం రాయలేదు. అది నాకు చాలు.

బావ నిన్ను అడిగిన మాట చదివి చాలా రోజులు ఈ ఉత్తరం మొదలుపెట్టలేకపోయాను. నువ్వు ఆయనకు చెప్పింది నేను నీకు చెప్పినదే. నేను నీకు అంతా చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఒరిగిపోగానే పోలేదు అక్కా. నేను పరుగెత్తుకుని ఆసుపత్రికి వెళ్ళేసరికి ఇంకా ఊపిరి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. గౌరీశంకర్, మిగతావాళ్ళు మంచం చుట్టూ చేరి "వరహాలూ, ఏ వరహాలూ, ఇధర్ దేఖో, ఇధర్" అని పిలుస్తున్నారు. నర్సు కార్డు చూసి "వరహాలూ జీ" అని చెంప మీద తడుతోంది. ఎప్పుడూ ఆ పేరుకి పలికే మనిషి ఆ రోజు పలకలేదు. ఎవరినో పిలుస్తున్నారన్నట్టు అటూ ఇటూ చూస్తున్నారు.

నేను దగ్గరికి వెళ్ళాను. మన ఇళ్ళలో పేరు పెట్టి పిలవం కదా. "ఇదిగో, నానొచ్చాను" అన్నాను. "ఇటు సూడు" అన్నాను. చుట్టూ అంత అరుపుల్లో అది ఎవరి మాటో తెలిసిందో లేదో. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అంతమంది మగవాళ్ళ మధ్య, పైగా కార్డు మీద లేని పేరు. పిలిస్తే ఏమవుతుందోనని కూడా ఆ క్షణంలో అనిపించింది. మింగేశాను. కాసేపటికి ఆయన అలా వెతుక్కుంటూనే ఆగిపోయారు. చివరి ఘడియలో ఆయన్ని ఆయన పేరుతో పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు. పిలిచి ఉంటే నా వైపు తిరిగేవారేమో.

క్యాంపులో ఏడవలేదని నన్ను రాయి అనుకుని ఉంటావు. ఇన్ని నెలల నుంచి నాకు ఏడుపు వచ్చినప్పుడల్లా ఆ చూపే అడ్డం పడుతోంది.

ఏడాదికి వస్తాం. బిందు, నేను ఇద్దరం వస్తాం. బావకు ఒక మాట ముందుగా చెప్పి ఉంచు. సముద్రంలో పిండం వదిలేటప్పుడు బ్రాహ్మడు పోయినవాళ్ళ పేరేమిటని అడుగుతాడు. అప్పుడు బావ చెప్పొద్దు, ఎవరూ చెప్పొద్దు. నేను చెబుతాను.

రత్నం